గేటు పక్కన పెట్టిన క్యాను

ప్రమాదాలు ఎలా జరుగుతాయో నలుగురికీ చెప్పడమే గురుప్రసాద్ ఉద్యోగం. ఖతార్లోని అల్ ఖోర్ అవతల ఒక గ్యాస్ ప్లాంటులో సేఫ్టీ ఆఫీసరు. రోజూ పొద్దున్నే డ్యూటీ మొదలయ్యే ముందు పనివాళ్ళందరినీ ఎదురుగా నిలబెట్టి, తాగే నీళ్ళ సీసాల్లో ఇంకేదీ పోయవద్దని, పోసినవాడు స్నేహితుడైనా సరే తనకు చెప్పమని, వచ్చిన హిందీలోనూ రాని అరబ్బీలోనూ గొంతు చించుకుంటాడు. వినేవాళ్ళు ఆవులిస్తే కోపం తెచ్చుకుంటాడు కూడా.

అలాంటివాడి ఇంట్లో, మేడమెట్ల కింద, ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాన్లో కిరసనాయిలు ఉంది.

అది అక్కడికి చేరడానికి ఒక కథ ఉంది. ఖతార్లో చలేమిటని ఒంగోలులో చుట్టాలు నవ్వుతారు గానీ, జనవరిలో సముద్రం వైపునుంచి గాలి తిరిగితే అల్ ఖోర్ పాత విల్లాల్లో గచ్చు మీద కాలు పెట్టలేం. వీళ్ళు అద్దెకున్న విల్లాలో ఏసీలు పాతకాలంవి, చల్లబరచడం తప్ప ఇంకో విద్య వాటికి రాదు. గురుప్రసాద్ తల్లి కృష్ణకుమారికి మోకాళ్ళ నొప్పులు. కరెంటు హీటరు తెస్తే ఆ గాలికి గొంతు ఎండిపోతోందని పక్కన పెట్టించేసింది. చివరికి ఎడారి క్యాంపులకు సామాన్లు అమ్మే దుకాణంలో కిరసనాయిలు హీటరు దొరికింది. చిన్నప్పటి స్టవ్వు వాసన వస్తోందని ఆవిడ మొదటిరోజే దానికి దగ్గరైపోయింది. సాయంత్రం కాగానే భర్త సుధాకరరావు వత్తి సరిచేసి వెలిగించేవాడు. ఆవిడ రెండు చేతులూ మంట వైపు చాపి కూర్చునేది. ఆ పక్కనే ఆయన కుర్చీ.

ఆవిడ పోయాక కూడా చలికాలం రాగానే సుధాకరరావు హీటరు వెలిగిస్తూనే ఉన్నాడు. కోడలు అరుంధతికి ఆ వాసన పడదు, గోడకు మసి పడుతోందని దిగులు. అయినా ఒక్కనాడూ నోరు విప్పి అనలేదు. ఈ ఏడు ఇంటి ఓనరు ఏమనుకున్నాడో ఏమో, ఇల్లంతా కొత్త ఏసీలు పెట్టించాడు. ఇవి వేడిగాలి కూడా ఇస్తాయి, పైగా గొంతు ఎండదు. రిమోట్ నొక్కితే చాలు. హీటరును పాతసామాన్లవాడు పట్టుకుపోతుంటే సుధాకరరావు పేపరు లోంచి తల ఎత్తలేదు. ఆ పూట పేపరు తిప్పిన చప్పుడు కూడా రాలేదని అరుంధతి రాత్రి భర్తతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

హీటరు పోయింది గానీ దాని తిండి మిగిలిపోయింది. తెచ్చిన డబ్బాకు తుప్పు పట్టి కారుతుంటే, సుధాకరరావు కిరసనాయిలంతా ఖాళీ నీళ్ళ క్యాన్లోకి వంచాడు. వాసన బయటికి రాకుండా మూతి మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, దారంతో బిగించి, టేపు చుట్టి, పైన మూత పెట్టాడు. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజులు రాసి రిటైరైన మనిషి. పేరు రాయకుండా ఊరుకుంటాడా? తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ‘కిరసనాయిలు’ అని రాసి, కింద చిన్న గీత గీసి, క్యాను పొట్ట మీద అంటించాడు.

అది చూసినప్పుడు గురుప్రసాద్ నోటిదాకా మాట వచ్చింది. కానీ నాన్న ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో చూశాక మింగేశాడు. పేరు రాసే ఉంది, ఇంట్లో తెలుగు రానివాళ్ళు ఎవరున్నారు అని సర్దిచెప్పుకున్నాడు. ప్లాంటులో ఇంకెవరైనా ఈ మాట అంటే వాడి తాట తీసేవాడు.

దాన్ని వదిలించుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మోరీలో పోయడానికి ఉద్యోగం ఒప్పుకోదు. “ఇంత ఇసుక ఉంది కదరా, ఓ మూల పారబోస్తే ఎవడు చూస్తాడు?” అని తండ్రి అంటే, ఇసుక కింద నీళ్ళుంటాయి నాన్నా అని గంటసేపు పాఠం చెప్పాడు. ప్లాంటులో అయితే పీపాలకు పీపాలే పద్ధతి ప్రకారం వెళ్ళిపోతాయి, ఇంటి సరుకు మాత్రం గేటు లోపలికి రానివ్వరు. ఎవరో ఒక నంబరిచ్చారు, ఆ నంబరు ఇంకో నంబరిచ్చింది. స్నేహితులు హీటరుంటే ఇవ్వు తీసుకుంటాం, ఉత్త కిరసనాయిలు ఏం చేసుకుంటామన్నారు.

ఆఖరికి ఆదెప్ప దొరికాడు. ఆదెప్పది అనంతపురం వైపు. పక్క వీధిలో ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవరు. వాళ్ళకు ఎడారిలో చలికాలపు క్యాంపు ఉంది, అక్కడ ఇలాంటి హీటర్లే వాడతారు.

“పారేస్తారా సార్, అట్లా పారేయొద్దండి. శుక్రవారం క్యాంపుకు పోతాండా, పొద్దున్నే వచ్చి తీసకపోతా” అన్నాడు.

ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

* * *

ఆ ఇంటి గేటు గురించి కూడా చెప్పాలి. గేటు బయట గోడవారగా చిన్న అరుగు, దాని మీద నీడ. అత్తగారు పోయిన ఏడాది నుంచీ అరుంధతి అక్కడ ఒక ఐసు పెట్టెలో నీళ్ళ సీసాలు పెడుతోంది. ఒంగోలులో కృష్ణకుమారి ఏటా ఇంటిముందు చలివేంద్రం పెట్టేది. కుండలూ తడిగుడ్డలూ ఇక్కడ కుదరవు కనుక అరుంధతి ఐసు పెట్టెతో సరిపెట్టింది. వీధులు ఊడ్చేవాళ్ళు, డెలివరీ కుర్రాళ్ళు, తోటపనివాళ్ళు తాగిపోతారు. అప్పుడప్పుడు ఒక పెద్ద క్యాను కూడా పెడుతుంది. అది కావలసినవాళ్ళు రూముకు మోసుకుపోవచ్చు. బోర్డూ పేరూ లేవు. ఎవరి పేరున పెడుతున్నామో అత్తయ్యకు తెలిస్తే చాలంటుంది.

శుక్రవారం పొద్దున గురుప్రసాద్ క్యానును మెట్ల కిందనుంచి మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. ఆదెప్ప వస్తే చేతికిచ్చేద్దామని.

“చేతికా?” అన్నాడు సుధాకరరావు. “నూనె చేతికిస్తార్రా ఎవరన్నా? ఉప్పూ నూనే కింద పెట్టాలి, వాళ్ళు తీసుకోవాలి. లేకపోతే గొడవలొస్తాయి.”

“ఇది కిరసనాయిలు నాన్నా.”

“అందులో నూనె లేదూ? మీ అమ్మ ఉంటే ఒప్పుకునేదా?”

మీ అమ్మ అన్న మాట పడ్డాక ఆ ఇంట్లో వాదన ఉండదు. అరుంధతి కూడా మామగారి పక్షమే. ఆవిడ పుట్టింట్లో కారం గిన్నె కూడా చేతికివ్వరు. ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. గుమ్మంలో ఎండ పడుతోంది, కిరసనాయిలు ఎండలో ఉండకూడదు. ఆ ముక్క చెప్పింది గురుప్రసాదే, సేఫ్టీ ఆఫీసరు కదా! అలా ముగ్గురూ కలిసి, ఎవరి పద్ధతి వాళ్ళు తప్పకుండా, క్యానును గేటు బయట అరుగు మీద నీడలో, ఐసు పెట్టె పక్కన పెట్టి లోపలికొచ్చి ఇడ్లీలు తిన్నారు.

ఆదెప్ప రావడం ఆలస్యమైంది. బెల్లు కొట్టి, చెమట తుడుచుకుంటూ, “పిల్లోళ్ళను దింపేసి వచ్చేకి లేటయిపాయ సార్. క్యాను లోపలుందా?” అన్నాడు.

“అరుగు మీదే ఉందిగా.”

“అరుగు మీదనా? ఈడేం లేదే సార్.”

గురుప్రసాద్ చెప్పులైనా వేసుకోకుండా బయటికొచ్చాడు. ఐసు పెట్టె ఉంది. దాని పక్కన క్యాను ఉన్నచోట దుమ్ములో గుండ్రటి అచ్చు ఉంది. ప్లాంటులో ఎన్ని ప్రమాదాల గురించి మాట్లాడాడో, ఆ ఒక్క క్షణంలో అన్నీ కట్టగట్టుకుని కళ్ళముందుకొచ్చాయి.

ఎదురింటి కాపలాదారు హమీదుద్దీన్ నిజామాబాద్ మనిషి. కుర్చీలోంచి లేచి వచ్చాడు.

“గా క్యానా సార్? గది ముఖీత్ పట్కపోయిండు. మన గల్లీ ఊడుస్తడు సూడు, బంగ్లాదేశ్ పోరడు. రూంల దోస్తుకు జరమట, మంచినీళ్ళు దొర్కినయని మస్తు సంబురపడ్డడు. కంపెనీ బస్సుల ఏస్కొని క్యాంప్‌కు పోయిండు.”

“ఫోన్ నంబరుందా?”

హమీదుద్దీన్ దగ్గర నంబరుంది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ మోగింది, ఎత్తలేదు. “జుమ్మా టైం సార్. ఫోన్ సప్పుడు బంద్ జేస్కుంటరు, నమాజయ్యేదాంక సూడరు” అన్నాడు. కంపెనీ పనివాళ్ళు ఉండే ఆ క్యాంపు ఎక్కడో అతనికి తెలుసు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఫలానా వీధి, కింద టైర్ల వర్క్‌షాపు, పైన రూములు.

అరుంధతి గేటు పట్టుకుని నిలబడిపోయింది. నోరు తెరిచి తాగబోతే వాసన తెలుస్తుందిలే అని ఆదెప్ప ధైర్యం చెప్పాడు. గురుప్రసాద్ తల అడ్డంగా ఊపాడు. నోటితో తాగేవాడికి వాసన తెలియవచ్చు. క్యాంపు రూముల్లో క్యానును తలకిందులుగా డిస్పెన్సరు మీద బోర్లిస్తారు. ఆ డిస్పెన్సరులో ఒక పక్క నీళ్ళు కాగే మర ఉంటుంది. గది నిండా మనుషులుంటారు. పైగా జ్వరం వచ్చినవాడికి ముందు పట్టేది వేడినీళ్ళే.

“నువ్వు నడపకు సార్, ఫోను చేస్తా ఉండు. నేను పోనిస్తా” అని ఆదెప్ప తాళాలు లాక్కున్నాడు.

* * *

దారి పొడవునా గురుప్రసాద్ ఆ నంబరు నొక్కుతూనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి పోలీసులకు చెబుదామా అనిపించింది. ఆ వెంటనే, చెబితే నా ఉద్యోగం ఏమవుతుంది అని కూడా అనిపించింది. నీళ్ళ క్యాన్లో కిరసనాయిలు పోసి వీధిలో పెట్టిన సేఫ్టీ ఆఫీసరు! ఆ రెండో ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. “ఆదెప్పా, అక్కడ ఎవరికైనా ఏమైనా అయి ఉంటే పోలీసులకు నేనే చెబుతాను, నాకేమైనా సరే” అన్నాడు పైకి. ఒకరు విన్నాక ఇక ఆ మాట మీదనుంచి వెనక్కి పోలేనని అతనికి తెలుసు.

“ఏం కాదు సార్” అన్నాడు ఆదెప్ప. మళ్ళీ తనే, “నేను టయానికి వచ్చింటే ఇంత జరిగేది కాదు” అన్నాడు.

“నేను చేతికిచ్చి ఉంటే జరిగేది కాదు” అన్నాడు గురుప్రసాద్. ఆలస్యంగా వచ్చినవాడు మహా అయితే ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళేవాడు. చేతికిస్తే, ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పేవాళ్ళు. ఇది ఫలానా, జాగ్రత్త అని. కింద పెట్టిన వస్తువు తనేమిటో తను చెప్పుకోలేదు. నాన్న అంటించిన కాగితం చెబుతుందనుకున్నారు. ఆ కాగితం చదవగలిగేవాళ్ళు ఆ వీధిలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, వాళ్ళెవరికీ ఉచితంగా ఇచ్చే నీళ్ళతో పనిలేదు.

వర్క్‌షాపులన్నీ మూసి ఉన్నాయి. నమాజు వదిలినట్టుంది, తెల్లబట్టలు వేసుకున్న జనం గుంపులు గుంపులుగా వీధిలోకి వస్తున్నారు. టైర్ల కొట్టు పక్కన మెట్లు. గురుప్రసాద్ రెండేసి మెట్లు ఎక్కాడు. తలుపు తీసే ఉంది. ఎదురుబొదురుగా బంకు మంచాలు, మధ్యలో పరిచిన పేపర్ల మీద అన్నం గిన్నె. మూల మంచం మీద దుప్పటి కప్పుకుని ఒకడు. తలుపు పక్కన డిస్పెన్సరు. దాని మీద ఒక క్యాను బోర్లించి ఉంది.

అతను ఒక్క దూకు దూకి గోడకున్న ప్లగ్గు పీకేశాడు.

గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఉత్తకాళ్ళతో పరిగెత్తుకొచ్చిన ఈ మనిషి ఎవరో వాళ్ళకు తెలియదు. అప్పుడు చూశాడు గురుప్రసాద్. డిస్పెన్సరు మీదున్నది వేరే క్యాను. అడుగున ఇంకా రెండు గ్లాసుల నీళ్ళున్నాయి. నాన్న దస్తూరితో ఉన్న క్యాను డిస్పెన్సరు పక్కన నేల మీద ఉంది. మూత తీశారు, లోపలి ప్లాస్టిక్ కాగితం మాత్రం దారంతో అలాగే బిగించి ఉంది. ఉన్న నీళ్ళు అయిపోయాక కొత్తది విప్పుదామని ఆగారన్నమాట. ఆ రెండు గ్లాసుల నీళ్ళను చూసి అతను అక్కడే చతికిలబడ్డాడు.

ముఖీత్ అతన్ని గుర్తుపట్టాడు. “మేడమ్ ఇంటి సార్” అని మిగతావాళ్ళకు చెప్పి, గ్లాసులో నీళ్ళు పట్టి తెచ్చిచ్చాడు. ఇరవై ఐదేళ్ళు కూడా ఉండవు.

గురుప్రసాద్ తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకునే, గేటు దగ్గర తీసుకున్న క్యాన్లో ఉన్నది నీళ్ళు కాదని, నూనె అని, తప్పంతా తమదేనని చెప్పాడు. ఎవరో దారం విప్పి కాగితం ఎత్తారు. వాసన గది నిండా కమ్ముకుంది. అందరూ వెనక్కి జరిగారు. మంచం మీది జ్వరమనిషి అతీఖ్ మాత్రం కదల్లేదు, జలుబుతో మూసుకుపోయిన అతని ముక్కుకు ఏమీ తెలియలేదు. మొదట తాగాల్సింది అతనే.

“మూత తీసినప్పుడు అనుమానం రాలేదా?” అన్నాడు గురుప్రసాద్. అడిగాక, ఎంత సిగ్గులేని ప్రశ్న అడిగానా అనిపించింది.

ముఖీత్ తన బంగ్లా యాస హిందీలో మెల్లగా చెప్పాడు. “వేరేచోట దొరికితే అక్కడే విప్పి చూస్తాను సార్. మీ గేటు కదా. మీ గేటు దగ్గరిది ఎప్పుడూ చూడను.”

ముఖీత్ క్యాను మీది కాగితం వైపు చూపించాడు.

“దీని మీద పేరు రాసి ఉంది సార్. ఇక్కడ చనిపోయినవాళ్ళ పేరు కాగితం మీద రాసి నీళ్ళు పంచుతారు. మీ ఇంట్లో కూడా ఎవరో పోయారనుకున్నాను. ఈ భాష నాకు రాదు. అందుకని నమాజులో, ఈ నీళ్ళు ఎవరి పేరున ఇచ్చారో వాళ్ళను చల్లగా చూడమని అడిగాను.” ఆగి అడిగాడు. “ఎవరి పేరు సార్ అది?”

గురుప్రసాద్ గ్లాసు పక్కన పెట్టాడు. ఈ కుర్రవాడు మోకాళ్ళ మీద వంగి కిరసనాయిలు కోసం ప్రార్థించి వచ్చాడు. అబద్ధం చెబితే ఎంత బాగుండునో, ఎంత సులువో.

“అది పేరు కాదు బాబూ. నూనె అని రాసుంది. కానీ మా అమ్మ పోయింది. మా ఆవిడ రోజూ పెట్టే నీళ్ళు ఆవిడ పేరునే. కృష్ణకుమారి.”

ముఖీత్ ఆ పేరును పెదవుల మీద ఒకసారి అనుకుని చూశాడు. నోరు తిరగలేదు. తలాడించి, క్యానును రెండు చేతులతో ఎత్తి అతని ముందుకు తెచ్చాడు. కింద పెట్టు అనే మాట గురుప్రసాద్ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. రెండు చేతులూ చాచి అందుకున్నాడు.

* * *

కిరసనాయిలు సంగతి ఆ సాయంత్రమే తేలిపోయింది. దారిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం తెరిచి ఉంటే ఎర్రటి ఇనప డబ్బా కొని, అందులోకి వంచి, మంట బొమ్మ అతికించి, గురుప్రసాద్ స్వయంగా ఆదెప్ప చేతికిచ్చాడు. అతను అటునుంచి అటే ఎడారి క్యాంపుకు పట్టుకుపోయాడు. ఖాళీ క్యాను ఇంటికొచ్చింది. సుధాకరరావు కాగితాన్ని చించకుండా నీళ్ళతో తడిపి ఊడదీశాడు. తర్వాత కత్తితో క్యానును ముక్కలు ముక్కలుగా కోశాడు. “తెలుగులో రాశాను. నా దస్తూరి బాగుంటుందని మురిసిపోతూ రాశాన్రా” అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

శనివారం పొద్దున అరుంధతి ఐసు పెట్టె నింపింది. మధ్యాహ్నం చూసింది, సీసాలు అలాగే ఉన్నాయి. సాయంత్రం చూసింది, ఐసు కరిగి సీసాలు నీళ్ళలో తేలుతున్నాయి గానీ ఒక్కటీ తగ్గలేదు. ఊడ్చేవాళ్ళు గేటు ముందునుంచే వెళుతున్నారు. పలకరిస్తే నవ్వి సలాం చెబుతున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అతీఖ్ దగ్గర ఉండిపోయాడేమో, ముఖీత్ పనిలోకి రాలేదు. ఆ రూములోవాళ్ళ మాట ఆ రూములో ఉంటుందా?

“అత్తయ్య పేరు చెడగొట్టాను” అని అరుంధతి గేటు దగ్గరే ఏడ్చింది. గురుప్రసాద్ తనకొచ్చిన విద్య తీశాడు. నాలుగు భాషల్లో బోర్డు రాయిద్దాం, తాగడానికి పనికొచ్చే నీళ్ళు అని.

“బోర్డు నమ్మి తాగుతార్రా ఎవరన్నా?” అన్నాడు సుధాకరరావు. లోపలికి వెళ్ళి తన కుర్చీ తెచ్చుకున్నాడు. హీటరు పక్కన, భార్య పక్కన కూర్చున్న కుర్చీయే. గేటు బయట అరుగు దగ్గర వేసుకుని కూర్చున్నాడు.

చీపురు బండి తోసుకుంటూ ఒక నడివయసు మనిషి వచ్చాడు. సుధాకరరావు పెట్టెలోంచి ఒక సీసా తీసి, మూత విప్పి, అతను చూస్తుండగా సగం తాగాడు. ముసలాయన గడ్డం మీదుగా నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. తుడుచుకోలేదు. ఇంకో సీసా తీసి, ఆ మనిషి వైపు చెయ్యి చాపాడు. ఆయనకు హిందీ రాదు, ఆ మనిషికి తెలుగు రాదు.

“కృష్ణకుమారి” అన్నాడు సుధాకరరావు. చెయ్యి గుండెమీద పెట్టుకుని, తర్వాత పైకి చూపించాడు.

ఆ మనిషి చాపిన చేతిని చూశాడు, తడిసిన చొక్కాను చూశాడు. బండి వదిలి దగ్గరికొచ్చి, సీసాను ఆయన చేతిలోంచి అందుకున్నాడు. తాగేముందు కళ్ళు మూసుకుని ఏదో అన్నాడు. గేటు లోపల నిలబడ్డ గురుప్రసాద్‌కు అందులో అమ్మ పేరొక్కటే అర్థమైంది.